మెదడుకు కరెంటు పెట్టిస్తే నాన్నగారి మతిమరుపు పోతుందా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 66 ఏళ్ళు, కొబ్బరి వ్యాపారం. పదేళ్ళ క్రితం కుడిచెయ్యి వణకడంతో మొదలై పార్కిన్సన్ అని తేలింది. ఇప్పుడు రోజుకు ఐదుసార్లు దానికిచ్చే సిండోపా మాత్ర వేసుకుంటున్నారు. వేసుకున్న ముప్పావుగంటకి మనిషి లేస్తారు, రెండు గంటలు బాగుంటారు, తర్వాత మళ్ళీ కొయ్యబారిపోతారు. ఆ బాగున్న రెండు గంటల్లోనూ మెడ, భుజాలు వాటంతటవే మెలికలు తిరుగుతుంటాయి. ఇదంతా ఒక ఎత్తు, ఏడాదిగా ఆయన బుర్ర పనిచేసే తీరు ఒక ఎత్తు. వేల కాయల లెక్క నోటిమీద చెప్పే మనిషి, ఇప్పుడు ఒలుపు వాళ్ళకి డబ్బులు లెక్క కడుతుండగా ఎవరైనా పలకరిస్తే ఎక్కడిదాకా వచ్చారో మర్చిపోయి మళ్ళీ మొదలుపెడుతున్నారు. మొన్న ఫోనులో ఒక పార్టీకి చెప్పాల్సిన ధర ఇంకో పార్టీకి చెప్పేశారు. రెండు నెలలుగా సాయంత్రం పూట అరుగు మీద ఎవరో పిల్లాడు కూర్చున్నాడంటున్నారు. హైదరాబాదులో డాక్టరుగారు డీబీఎస్ ఆపరేషన్ గురించి ఆలోచించుకోమన్నారు. మెదడుకి కరెంటు పెడితే వణుకుతో పాటు జ్ఞాపకశక్తి కూడా తిరిగొస్తుందని తమ్ముడు ఫోన్లో వీడియోలు చూసి, ఎకరం కొబ్బరితోట అమ్మేద్దామంటున్నాడు. టోపీలా పెట్టుకునే కరెంటు మిషను ఉందట, ముందు అది తెప్పిద్దామని కూడా అంటున్నాడు. తలకి కన్నం పెడితే ఉన్న మతి కూడా పోతుందని అమ్మ ఏడుస్తోంది. ఇద్దరిలో ఎవరి మాట నిజం? మందుల చీటీ ఫొటో పెడుతున్నాను. నా పేరు వెయ్యకండి.

— ఒక కూతురు, కోనసీమ

సమాధానం: అమ్మా, డీబీఎస్ అంటే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, మెదడులోకి సన్నటి తీగ దింపి కరెంటు పంపడం. అది చేతులూ కాళ్ళూ కదిలే తీరు బాగుపడటానికి చేసే ఆపరేషను. మతిమరుపు కోసం దాన్ని చెయ్యరు. మీ తమ్ముడు చూసిన వీడియోలో వణుకు ఆగిపోవడం చూపించి, దానికి జ్ఞాపకశక్తి పేరు కూడా తగిలించి ఉంటారు. అలాగని మీ అమ్మగారు భయపడుతున్నట్టు తలకి కన్నం పెట్టగానే మతి పోదు. ఆవిడ భయంలో ఒక పిసరు నిజం మాత్రం ఉంది, దాని దగ్గరికి వస్తాను. అసలు నాన్నగారికి ఈ ఆపరేషను చెయ్యొచ్చా లేదా అన్నది తేల్చేవాటిలో ఆయన బుర్ర ఎలా ఉందన్నది ఒకటి. బాగా మందగించి ఉంటే డాక్టర్లే వద్దంటారు. కాబట్టి తోటకి బేరం పెట్టకముందే తేలాల్సిన లెక్క ఇంకోటుంది: ఈ మందగింపులో జబ్బు వాటా ఎంత, మందుల వాటా ఎంత?

మందుల వాటా అని ఎందుకంటున్నానంటే, మీ చీటీ చూశాను. సిండోపా కింద రెండో వరసలో పాసిటేన్ 2 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు అని ఉంది. దాని అసలు పేరు ట్రైహెక్సీఫెనిడిల్. చవకైన మందు, వణుకు మీద బాగానే పనిచేస్తుంది, అందుకే మన దగ్గర ఎన్నో చీటీల్లో ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చుంటుంది. ఇది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. మెదడు ఏకాగ్రతకీ జ్ఞాపకానికీ వాడుకునేది ఆ రసాయనాన్నే. పార్కిన్సన్‌లో కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనం ఒక్కటే తగ్గుతుందని అందరూ అనుకుంటారు గానీ, జబ్బు ముదిరేకొద్దీ ఎసిటైల్‌కోలిన్ కూడా తరుగుతూ వస్తుంది. తరుగుతున్న దాన్ని మందు వేసి మరీ అడ్డుకుంటే ఏమవుతుంది? నలభై ఏళ్ళ మనిషికి నోరు ఎండిపోవడంతో సరిపోవచ్చు. అరవై దాటినవాళ్ళకి మతిమరుపు, అయోమయం, లేనివి కనిపించడం మొదలవుతాయి. పెద్ద వయసులో ఈ మందు సాధ్యమైనంత వరకు వద్దనేది అందుకే.

చీటీతో పాటు మీరు పెట్టిన రెండో కాగితం, రాత్రిళ్ళు మాటిమాటికీ మూత్రానికి లేస్తున్నారని వేరే డాక్టరుగారు రాసిన ఆక్సిబ్యుటినిన్, కూడా ఇదే కోవలోది. ఒక్కో డాక్టరు ఒక్కో కాగితం మీద రాశారు కాబట్టి రెండూ ఒకే చోట దెబ్బకొడుతున్నాయని ఎవరి కంటా పడలేదు. పార్కిన్సన్ ఉన్న ఇంట్లో చీటీలన్నీ ఒకే కవరులో పెట్టి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, చివరికి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా, కవరంతా ముందు పెట్టాలి. ప్రిస్క్రిప్షన్ లేకుండా మందుల షాపులో కొన్న మాత్రలూ అందులో చేరాలి. కళ్ళు తిరుగుతున్నాయని వేసుకునే సిన్నారిజిన్, వాంతికి వేసే మెటోక్లోప్రమైడ్ లాంటివి ఈ జబ్బున్నవాళ్ళని ఇంకా బిగుసుకుపోయేలా చేస్తాయి.

మూడో వరసలో అమాంటడిన్. అది మెలికలు తిరగడం తగ్గడానికి ఇచ్చారు, ఇవ్వడంలో తప్పేం లేదు. కానీ తేదీ చూడండి, మూడు నెలల క్రితం మొదలుపెట్టారు. అరుగు మీద పిల్లాడు రెండు నెలల నుంచి కనిపిస్తున్నాడు. ఇది కాకతాళీయం కావచ్చు, కాకపోనూ వచ్చు. అమాంటడిన్ వల్ల కూడా లేనివి కనిపిస్తాయి. ఒకసారి నాన్నగారి పిక్కలూ తొడలూ చూడండి, చర్మం మీద ఊదారంగులో వల అల్లినట్టు చారలుంటే అవి ఈ మందు గుర్తులే. ఆ చారల వల్ల ప్రమాదం లేదు గానీ డాక్టరుగారికి చెప్పండి.

నాలుగోది ప్రమిపెక్సోల్. దీని గురించి మీరేమీ అడగలేదు, నేనే అడుగుతున్నాను. ఈ మాత్ర వేసుకునే కొందరిలో ఆపుకోలేని యావలు పుడతాయి. సంక్రాంతికి కోడిపందేల బరి వైపు ఏనాడూ తొంగిచూడని మనిషి ఉన్నట్టుండి వేలకు వేలు కాయడం, ఫోన్లో పేకాట యాప్‌లకి అతుక్కుపోవడం, అక్కర్లేని వస్తువులు తెగ కొనడం, తిండి యావ, లైంగిక కోరికలు మితిమీరడం, ఇవన్నీ ఈ మందు చేయించే పనులు కావచ్చు. ఇంట్లోవాళ్ళు సిగ్గుపడి చెప్పరు, ఆయన అంతకన్నా చెప్పరు. డబ్బు లెక్కలు తేడా వస్తున్నాయన్నారు కదా, కూడికలో తప్పు వల్లేనా లేక డబ్బు ఇంకెటైనా పోతోందా అని మీ అమ్మగారు నెమ్మదిగా కనిపెట్టాలి. ఆయన్ని నిలదీయమని కాదు.

ఇంత చదివి మీరు ఈ పూటే మాత్రలు తీసి అవతల పారెయ్యకండి. పాసిటేన్ గానీ ప్రమిపెక్సోల్ గానీ ఉన్నపళాన ఆపితే మనిషి తల్లడిల్లిపోతాడు. సిండోపా హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికే వస్తుంది. ఒక్కో మందూ కొన్ని వారాల మీద, డాక్టరు చెప్పిన వరసలో తగ్గించాలి. సాధారణంగా ముందు తీసేది పాసిటేన్‌నే. అది తగ్గించాక వణుకు కాస్త పెరుగుతుంది, అప్పుడు ఇంట్లోవాళ్ళు కంగారుపడి మళ్ళీ వేసేస్తారు. అలా చెయ్యకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

దీంతో పాటు తేలిగ్గా తేలిపోయే పరీక్షలు కొన్ని ఉన్నాయి: బి12, థైరాయిడ్, సోడియం, మూత్రంలో ఇన్ఫెక్షన్. అమలాపురంలోనే చేయించుకోవచ్చు. అరుగు మీద పిల్లాడు కనిపించిన వారం నాన్నగారికి జ్వరం, మూత్రంలో మంట, నాలుగు రోజుల మలబద్ధకం లాంటివి ఉన్నాయేమో గుర్తు చేసుకోండి. రాత్రి నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసురుతారా అన్నది కూడా చెప్పాలి, అది ఈ జబ్బులో భాగమే, అలాంటివాళ్ళు పగలు మత్తుగా ఉండొచ్చు. మనసు కుంగిపోయి ఉన్నా బుర్ర మందగించినట్టే కనిపిస్తుంది. వ్యాపారం చేతిలోంచి జారిపోతున్న మనిషి కుంగకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి గానీ.

ఇక మందుల వాటా తీసేశాక మిగిలేది జబ్బు వాటా. మీ ఉత్తరంలో ఒలుపు వాళ్ళ లెక్క గురించి రాసిన వాక్యం నాకు చాలా పనికొచ్చింది. ఆయన కూడిక మర్చిపోలేదు. పలకరింపుకీ లెక్కకీ మధ్య బుద్ధిని అటు తిప్పి మళ్ళీ ఇటు తెచ్చుకోలేకపోతున్నారు. ఎవరూ పలకరించకపోతే లెక్క సరిగ్గానే వస్తోందా? రాత్రి కూర ఏమిటని అడిగితే తడబడి, "చేపలా, వంకాయా?" అని అందిస్తే టక్కున చెబుతున్నారా? అలా అయితే అది పార్కిన్సన్‌లో తరచుగా కనిపించే తరహా. జ్ఞాపకం లోపల ఉంటుంది, బయటికి తీయడం కష్టమవుతుంది. రెండు పనులు ఒకేసారి చెయ్యలేరు, మాట వెతుక్కుంటారు, దారులూ దూరాలూ అంచనా తప్పుతాయి. అల్జీమర్స్‌లో సాధారణంగా కనిపించేది వేరు, అందులో కొత్త విషయం అసలు లోపలికే ఎక్కదు, అందించినా గుర్తురాదు. ఇంట్లో మీరు ఈ తేడా గమనించి రాసుకుంటే పది నిమిషాల ఓపీలో డాక్టరుకి చాలా పని తగ్గుతుంది. ఒక సంగతి, ఇదంతా మాత్ర పనిచేస్తున్న సమయంలోనే గమనించండి. కొయ్యబారిన వేళలో బుర్ర కూడా మొద్దుబారుతుంది, అప్పటి తప్పుల్ని లెక్కలోకి తీసుకుంటే ఆయనకి అన్యాయం చేసినట్టే.

ఇప్పుడు ఆపరేషను. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ అనే న్యూరోసర్జన్ 1987లో వణుకు కోసం దీన్ని మొదలుపెట్టారు. 1990లలో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చోట కరెంటు పెడితే వణుకుతో పాటు బిగుసుకుపోవడం, నెమ్మదించడం కూడా తగ్గుతాయని తేలింది. మిల్లీమీటరున్నర కూడా మందం లేని తీగని మెదడు లోపలికి రెండు వైపులా దింపుతారు. చర్మం కిందనుంచే దాన్ని తెచ్చి, కాలర్ ఎముక కింద పెట్టిన బ్యాటరీకి కలుపుతారు. సెకనుకి సుమారు 130 సార్లు చిన్న కరెంటు తట్టు. బయటికి ఏమీ కనిపించదు.

ఇది ఎవరికి బాగా పనిచేస్తుందంటే, సిండోపా బాగా పనిచేసి, ఆ పని ఎక్కువసేపు నిలవనివాళ్ళకి. మీ నాన్నగారి రెండు గంటల వెలుగు, ఆ మెలికలు, సరిగ్గా అలాంటి పరిస్థితే. అందుకే ఆ డాక్టరుగారు ఈ మాట ఎత్తారు, ఆయన్ని తప్పుపట్టలేం. అమెరికాలో 255 మందితో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలలకి ఆపరేషను అయినవాళ్ళకి మెలికల బాధ లేకుండా చక్కగా కదిలే సమయం రోజుకు నాలుగున్నర గంటలు పెరిగింది. మందులతోనే ఉన్నవాళ్ళకి ఏమీ పెరగలేదు. రోజుకు నాలుగున్నర గంటలంటే మాటలా? తన స్నానం తను చేసుకుని, చొక్కా గుండీలు తను పెట్టుకుని, తోటలోకి నడిచి వెళ్ళే సమయం అది. అదే అధ్యయనంలో తీవ్రమైన ఇబ్బందులు కూడా ఆపరేషను వైపే ఎక్కువ కనిపించాయి, మెదడులో రక్తస్రావంతో ఒకరు చనిపోయారు కూడా. తీగ దింపేటప్పుడు మెదడులో రక్తం చిమ్మే ప్రమాదం నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది, ఇన్ఫెక్షన్ వచ్చి తీగ తీసెయ్యాల్సి రావడమూ ఉంటుంది.

మాత్ర వేసుకుని బాగున్న సమయంలో కూడా తగ్గనివి, అంటే అప్పుడు కూడా కాళ్ళు నేలకి అతుక్కుపోవడం, తూలి పడిపోవడం, మాట నంగిగా రావడం, వీటికి ఆపరేషనుతో పెద్దగా ఫలితం ఉండదు. వణుకు ఒక్కటే దీనికి మినహాయింపు, మాత్రకి లొంగని వణుకు కూడా కరెంటుకి లొంగవచ్చు. బుర్ర సంగతి ఆ తగ్గనివాటి జాబితాలోదే. జబ్బు ముందుకు సాగడాన్ని ఈ ఆపరేషను ఆపుతుందని రుజువు లేదు. పదిహేనేళ్ళ తర్వాత డిమెన్షియా, అంటే రోజువారీ పనులు చేసుకోలేనంతగా మతి మందగించడం, రావాల్సి ఉంటే, బ్యాటరీ ఉన్నా వస్తుంది.

మీ అమ్మగారి భయంలో నిజం ఎక్కడుందంటే, ఇక్కడ. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ ఒక సెంటీమీటరుకి కాస్త అటూఇటూ ఉండే ముద్ద. అంత చిన్న దాంట్లోనే కదలికల భాగం, ఆలోచన భాగం, మనసు భాగం పక్కపక్కనే ఉంటాయి. మన చేలో పెట్టిన నీళ్ళు గట్టు పొర్లి పక్కవాళ్ళ చేలోకి పోయినట్టు, కరెంటు కాస్త ఎక్కువైనా తీగ కాస్త పక్కకి జరిగినా ఆలోచన భాగాన్ని తడుపుతుంది. తీగ దింపే దారిలో నుదుటి వెనక భాగం మెదడుకి తగిలే చిన్న గాయం కూడా కొంత కారణం. వీటి ఫలితంగా అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే లోపం ఒకటుంది: మాట త్వరగా తట్టకపోవడం. ఒక నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమంటే, లేదా 'క'తో మొదలయ్యే మాటలు చెప్పమంటే, మునుపటికన్నా తక్కువ చెబుతారు. ఆలోచన వేగం కూడా కొందరిలో కొద్దిగా తగ్గుతుంది. ముందు బుర్ర బాగున్నవాళ్ళలో చాలామందికి ఇది రోజువారీ బతుకులో తెలియనంత చిన్న మార్పు. అప్పటికే మందగించి ఉన్నవాళ్ళకి మాత్రం ఆ కాస్తే భారమవుతుంది, ఆపరేషను తర్వాత రోజుల తరబడి అయోమయంలో పడేదీ ఎక్కువగా వాళ్ళే.

డాక్టర్లు దీన్ని చిన్న లోపం కింద రాస్తారు. మీ నాన్నగారి బతుకు మాట మీద నడుస్తుంది కాబట్టి నేనైతే అంత తేలిగ్గా రాయను. ఫోనులో అవతలి పార్టీ ధర తగ్గిస్తుంటే వెంటనే ఎదురుమాట అందుకోవాలి కదా. కాబట్టి వ్యాపారంలో ఆయన్ని మళ్ళీ మునుపటి మనిషిగా చూడాలన్నదే మీ తమ్ముడి ఆశ అయితే, ఈ ఆపరేషను దానికి దారి కాదు. ఆయన తన పనులు తను చేసుకోవాలన్నది ఆశ అయితే, ఆలోచించదగ్గ దారే.

కరెంటు పెట్టే చోటు ఇంకోటుంది, గ్లోబస్ పాలిడస్ అంటారు. 299 మందిని రెండేళ్ళు గమనించి 2010లో ఈ రెండు చోట్లనీ పోల్చారు. కదలికల మెరుగు రెండింట్లోనూ ఒకలాగే ఉంది. సబ్‌థాలమిక్ అయితే మందులు ఎక్కువ తగ్గించుకోగలిగారు. కానీ ఆలోచన వేగం కాస్త ఎక్కువ తగ్గింది, దిగులు కూడా అటే కొంచెం ఎక్కువ. బుర్ర గురించి అనుమానం ఉన్నప్పుడు "పాలిడస్ సంగతేమిటండీ?" అని సర్జన్‌ని అడగడం తప్పేమీ కాదు, అడగండి. ఆపరేషను తర్వాత మందులు మరీ త్వరగా కోసేస్తే మనిషి దేనిమీదా ఆసక్తి లేకుండా గోడ వంక చూస్తూ కూర్చుంటాడు. దాన్ని చూసి మతి పోయిందనుకుంటారు. చాలాసార్లు మందు కొంచెం పెంచితే, కరెంటు కొంచెం సర్దితే లేస్తారు. మొదటి ఏడాది మనసు కుంగుదల మీద కూడా కన్నేసి ఉంచాలి.

మీ తమ్ముడి వీడియోకి మూలం లేకపోలేదు. జ్ఞాపకశక్తి కోసమే మెదడులో ఇంకో చోట, ఎసిటైల్‌కోలిన్ తయారయ్యే మైనెర్ట్ కేంద్రకంలో, నెమ్మదైన కరెంటు పెట్టి చూశారు. పార్కిన్సన్ డిమెన్షియా ఉన్న ఆరుగురి మీద లండన్‌లో చేసి 2018లో ఫలితాలు ప్రచురించారు. ప్రమాదం కాలేదు, ఇద్దరిలో లేనివి కనిపించడం తగ్గింది, కానీ జ్ఞాపకశక్తి పరీక్షల్లో నికరమైన మెరుగు రాలేదు. పరిశోధనగా అది జరగాల్సిందే. ఎవరైనా డబ్బు తీసుకుని అదే చికిత్సగా చేస్తామంటే మాత్రం లేచి వచ్చేయండి.

టోపీ మిషను సంగతి ఇంకా తేలిక. బయటినుంచి అయస్కాంతంతో మెదడుని తట్టే పద్ధతి ఒకటుంది, దానికి అమెరికాలో 2008లో డిప్రెషన్ చికిత్సగా అనుమతి వచ్చింది, మన ఆసుపత్రుల్లోనూ ఉంది. తల మీద పట్టీలు పెట్టి సన్నటి కరెంటు పంపేది ఇంకోటి. పార్కిన్సన్‌లో ఆలోచన శక్తి మీద ఈ రెండింటితోనూ చిన్న చిన్న ప్రయోగాలు జరిగాయి, కొన్నింట్లో కాస్త మెరుగు, కొన్నింట్లో ఏమీ లేదు. వాడమని చెప్పేంత రుజువు లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన మిషను మీ తమ్ముడు ఇంట్లో నాన్నగారి తలకి బిగించడం నాకు అసలు ఇష్టం లేదు. ఆ డబ్బుతో వారానికి మూడు రోజులు ఫిజియోథెరపిస్టుని ఇంటికి పిలిపించండి.

ఆపరేషనుకి తగినవారా కాదా అన్నది తేల్చడానికి ఏం చేస్తారో తెలిస్తే మీ అమ్మగారికి టెన్షన్ తగ్గుతుంది. ముందురోజు సాయంత్రం నుంచి మందులు ఆపి, పొద్దున్నే కొయ్యబారిన స్థితిలో నడిపించి, చేతులు ఆడించి మార్కులు వేస్తారు. తర్వాత పెద్ద మోతాదు సిండోపా ఇచ్చి మళ్ళీ అవే చేయిస్తారు. కనీసం 30 శాతం మెరుగు కనిపించాలన్నది వాడుకలో ఉన్న కొలత. ఆ తెల్లవారుజాము కష్టంగానే ఉంటుంది, మీరూ తమ్ముడూ ఇద్దరూ పక్కనుండండి. ఎమ్మారై తీస్తారు. సైకాలజిస్టు కొన్ని గంటలపాటు బుర్ర పరీక్షలు చేస్తారు: గడియారం గీయమనడం, మాటలు గుర్తుపెట్టుకుని చెప్పమనడం, వందలోంచి ఏడేడు తీసేయమనడం లాంటివి. ఇవి తెలుగులోనే చెయ్యాలని పట్టుపట్టండి. మోకా అనే పరీక్షకి తెలుగు రూపం ఉంది. తెలుగు రాని సైకాలజిస్టు ఇంగ్లీషులోనో హిందీలోనో అడిగితే, వేల కాయల లెక్క కట్టే మనిషికి కూడా మార్కులు తగ్గుతాయి. ఆయన ఎంతవరకు చదువుకున్నారో ముందే చెప్పండి.

ఈ పరీక్షలు ఇప్పుడే చేయించొద్దు. పాసిటేన్, ఆక్సిబ్యుటినిన్ తగ్గించాక, ఇన్ఫెక్షన్ లాంటివి సర్దుకున్నాక, రెండు మూడు నెలలు ఆగి చేయించండి. అప్పటికి అరుగు మీద పిల్లాడు మాయమై, లెక్క మళ్ళీ కుదురుకుంటే, ఆపరేషను గురించి ధైర్యంగా మాట్లాడుకోవచ్చు. మందులు సర్దినా మతిమరుపు పెరుగుతూ, పిల్లాడు నిజంగానే ఉన్నాడని ఆయన వాదించే దాకా వస్తే, ఆపరేషను వద్దు. అప్పుడు దారి రివాస్టిగ్మిన్ లాంటి మందులు. పార్కిన్సన్ డిమెన్షియాలో 541 మందితో జరిగిన పరీక్షలో 2004లో దానికి మేలు కనిపించింది, పెద్ద మేలు కాదు, ఓ మోస్తరు. వికారం వస్తుంది, వణుకు కొంచెం పెరగొచ్చు. భ్రమలు మరీ బాధపెడితే క్వెటియాపిన్ లాంటివి చిన్న మోతాదులో ఇస్తారు. హాలోపెరిడాల్ ఇంజెక్షన్ మాత్రం వద్దని ఎమర్జెన్సీలో కూడా మీరే గట్టిగా చెప్పాలి, అది ఈ జబ్బున్నవాళ్ళని పూర్తిగా బిగదీసేస్తుంది. ఈ మాట ఆ కవరు మీదే పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

ఆ పిల్లాడి గురించి ఇంకొక్క మాట. "అక్కడెవరూ లేరు, నీకు పిచ్చా?" అని ఎవరూ అనొద్దు. "నాకు కనపడలేదు నాన్నా, లైటు వేస్తాను ఉండండి" అనండి. సందె చీకట్లో అరుగు మీద ఆరేసిన తువ్వాలూ, మూలన పెట్టిన కొబ్బరి మట్టలూ మనుషుల్లా అనిపిస్తాయి. లైటు మార్చి, అరుగు ఖాళీ చేసి చూడండి. కంటిపొర ఉందేమో కూడా చూపించండి.

డబ్బు విషయానికొస్తే, పరికరం రకాన్ని బట్టి మొత్తం పది లక్షలకి అటూ ఇటూ, రీచార్జి చేసుకునే బ్యాటరీ అయితే ఇంకా పైకి వెళుతుంది. ఆ లెక్క అక్కడితో ఆగదు. మామూలు బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్ళకి మార్చాలి, ఆ ఖర్చు మళ్ళీ లక్షల్లోనే. రీచార్జి బ్యాటరీ పదిహేనేళ్ళ వరకూ రావచ్చు గానీ దాన్ని గుర్తుపెట్టుకుని చార్జింగ్ పెట్టే మనిషి ఇంట్లో ఉండాలి. ఆపరేషను తర్వాత కరెంటు సరిగ్గా సర్దడానికి నెలల తరబడి తిరగాలి. అంబాజీపేట నుంచి రాజమండ్రి వచ్చి, రాత్రి రైలెక్కి హైదరాబాదు వెళ్ళి, మళ్ళీ వెనక్కి. ప్రతిసారీ ఆయన వెంట ఒకరు. ఇది తమ్ముడు చేస్తాడా, మీరు చేస్తారా అన్నది తోట అమ్మకముందే మాట్లాడుకోండి. హైదరాబాదులో నిమ్స్, బెంగళూరులో నిమ్హాన్స్, త్రివేండ్రంలో శ్రీచిత్ర, ఈ ప్రభుత్వ సంస్థల్లో కూడా ఈ ఆపరేషను చేస్తారు. ఒక్కచోట చెప్పిన రేటు విని ఎకరం రాసిచ్చెయ్యకండి, రెండో అభిప్రాయం తీసుకోండి. ప్రభుత్వ పథకం గానీ ఇన్సూరెన్స్ గానీ ఎంత ఇస్తుందో, పరికరానికి వర్తిస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి.

ఒకవేళ ఆపరేషను అయితే, మన ఊళ్ళలో తప్పక గుర్తుంచుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. మోకాళ్ళ నొప్పులకీ నడుం నొప్పికీ ఫిజియోథెరపీ సెంటర్లలో డయాథర్మీ అని వేడి కరెంటు పెడతారు కదా, అది తీగ ఉన్నవాళ్ళకి శరీరంలో ఎక్కడా పెట్టకూడదు. తీగ కొస వేడెక్కి మెదడు కాలిపోతుంది, ప్రాణమే పోవచ్చు. ఎమ్మారై కూడా పరికరం రకం చూసుకుని, ముందుగా చెప్పి తీయించుకోవాలి. పరికరం కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి.

ఈలోగా ఇంట్లో చెయ్యగలిగినవి ఉన్నాయి. సిండోపా భోజనానికి అరగంట ముందు వేసుకుంటున్నారా? పప్పు, గుడ్డు, చేప లాంటి మాంసకృత్తులు మాత్రకి అడ్డుపడతాయి. పులస కూర మానమని గోదావరి జిల్లావాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు, మాత్ర పనిచేయడం మొదలయ్యాక తినమనండి, లేదా రాత్రి పూటకి పెట్టండి. కొంతమందికి ఈ ఒక్క మార్పుతోనే రెండు గంటలు మూడవుతాయి. ఎవరైనా దూలగొండి గింజల పొడి మంచిదని చెబుతారు. అందులో నిజంగానే లెవొడోపా, అంటే సిండోపాలో ఉండే మందే, ఉంటుంది, అందుకే సిండోపా మీద అది కలిపితే మోతాదు ఎంతవుతుందో ఎవరికీ తెలియదు, మెలికలూ భ్రమలూ పెరుగుతాయి.

వ్యాపారం పూర్తిగా లాగేసుకోకండి. ఒకసారి ఒకటే పని ఇవ్వండి. ఒలుపు వాళ్ళ లెక్క కట్టేటప్పుడు ఫోన్ మీ తమ్ముడి దగ్గరుండాలి, లెక్క పుస్తకంలో పడ్డాక మళ్ళీ నాన్నగారికి ఇవ్వాలి. పెద్ద బేరాలు ఇద్దరూ కలిసి మాట్లాడండి. పొద్దునపూట, మాత్ర ఎక్కి ఉన్న వేళ పెట్టుకోండి. బ్యాంకు కాగితాలు, భూమి దస్తావేజులు లాంటివి ఆయనకి స్పష్టత ఉన్న ఈ రోజుల్లోనే సర్దుకోవడం మంచిది, ఎకరం అమ్మినా అమ్మకపోయినా.

ఉత్తరమంతా చదివాక నాకు కనబడనిది ఒకటే, ఈ ఆపరేషను గురించి నాన్నగారు ఏమంటున్నారు? తమ్ముడి మాట ఉంది, అమ్మ మాట ఉంది, ఆయన మాట లేదు. ఆయన బాగున్న ఆ రెండు గంటల్లో కూర్చోబెట్టుకుని చెప్పండి: వణుకూ బిగుసుకుపోవడం తగ్గుతాయి, లెక్కలు తిరిగిరావు, మాట కొంచెం నెమ్మదించొచ్చు, ప్రాణాపాయం కొద్దిగా ఉంది. విని, ఆలోచించుకుని, రెండు రోజుల తర్వాత మళ్ళీ అడిగినా అదే జవాబు చెబితే ఆ జవాబుకే ఎక్కువ విలువ ఇవ్వండి. హైదరాబాదు ప్రయాణానికి ఇంకా టైముంది. పాసిటేన్, ఆక్సిబ్యుటినిన్ ఎలా తగ్గించాలో మాత్రం రాసిన డాక్టర్లని ఈ వారమే అడగండి.